డబ్ల్యూకేఆర్‌పీ ఏ సెట్ కొనాలి? పాటలున్న కాపీ, పాటలు మార్చిన కాపీ

అమెరికా పాత సిట్‌కామ్‌ల (హాస్య సీరియళ్ల) డీవీడీలు కొనేవాళ్లు మామూలుగా ధర చూస్తారు, ప్రింట్ ఎలా ఉందో చూస్తారు. పాటల మీద నడిచే సీరియల్ అయితే ఈ రెండూ తర్వాతి సంగతులు. మొదటిసారి టీవీలో వచ్చినప్పుడు వినిపించిన పాటలు ఈ కాపీలో ఉన్నాయా, తీసేసి ఇంకేవో పెట్టారా అన్నది ముందు తేల్చుకోవాలి. ఒకే పేరుతో, ఒకే నటుల బొమ్మతో అమ్మే రెండు సెట్లు లోపల రెండు వేర్వేరు సీరియళ్లుగా ఉండొచ్చు. దీనికి 'డబ్ల్యూకేఆర్‌పీ ఇన్ సిన్సినాటి' కంటే పెద్ద ఉదాహరణ లేదు. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే, మిగతావి చివర్లో క్లుప్తంగా.

తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటి నగరంలో నష్టాల్లో నడుస్తున్న ఒక రేడియో స్టేషన్. యాండీ ట్రావిస్ అనే కొత్త ప్రోగ్రామ్ డైరెక్టర్ వచ్చి, ముసలివాళ్లు వినే మెత్తటి సంగీతం ఆపేసి రాక్ అండ్ రోల్ మొదలుపెడతాడు. హ్యూ విల్సన్ సృష్టించిన ఈ సీరియల్ సీబీఎస్ టీవీ చానల్‌లో 1978 సెప్టెంబర్ నుంచి 1982 ఏప్రిల్ దాకా నాలుగు సీజన్లు, 90 ఎపిసోడ్లు నడిచింది. పాత్రల పని రికార్డులు వేయడం. కాబట్టి తెర మీద తిరిగే రికార్డు ఏదన్నది అలంకారం కాదు, కథలో భాగం. పింక్ ఫ్లాయిడ్, ఎల్టన్ జాన్, ఫారినర్, బ్లాండీ, అప్పటి పెద్ద పేర్లన్నీ ఇందులో వినిపించేవి. 'హార్ట్ ఆఫ్ గ్లాస్' పాట ఈ సీరియల్‌లో వినిపించినందుకు బ్లాండీ రికార్డు కంపెనీ నిర్మాతలకు ఒక గోల్డ్ రికార్డు కానుకగా ఇచ్చింది. చాలా ఎపిసోడ్లలో అది స్టేషన్ ఆఫీసు గోడ మీద వేలాడుతూ కనిపిస్తుంది.

పాటలు ఎందుకు పోయాయి

ఇది తెలియకుండా ఏ కాపీ మంచిదో తేల్చలేం. అమెరికాలో ఒక రికార్డు పాటని టీవీ కార్యక్రమంలో వాడాలంటే రెండు అనుమతులు కావాలి. బాణీకీ సాహిత్యానికీ హక్కుదారు పబ్లిషర్, అతని దగ్గర తీసుకునేది సింక్ లైసెన్స్. ఆ గొంతుతో, ఆ వాయిద్యాలతో రికార్డయిన ప్రతికి హక్కుదారు రికార్డు కంపెనీ, అక్కడ తీసుకునేది మాస్టర్ లైసెన్స్. ఇద్దరిలో ఏ ఒక్కరు కాదన్నా పాట లేనట్టే. ఒక పాటకి ఇంతమంది యజమానులేమిటని మనకి అనిపించవచ్చు గానీ, 2017లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం అమెరికా పర్యటనలో ఉండగా ఇళయరాజా తరఫున లీగల్ నోటీసు వచ్చిన సంగతి గుర్తుంటే విషయం తేలిగ్గానే బోధపడుతుంది. పాడినవారు ఒకరు, బాణీ కట్టినవారు ఒకరు, రికార్డు అమ్మినవారు మరొకరు. ముగ్గురికీ వేర్వేరు హక్కులు, వేర్వేరు లెక్కలు.

డబ్ల్యూకేఆర్‌పీ విషయంలో ఇంకో మెలిక ఉంది. ఈ సీరియల్‌ని ఫిల్మ్ మీద కాకుండా వీడియోటేపు మీద తీశారు. కారణం డబ్బే. అప్పట్లో టేపు మీద తీసే కార్యక్రమాలకి పాటల ఫీజు తక్కువ. పాటలూ డ్యాన్సులూ ఉండే వెరైటీ షోలకి వీలుగా ఉండాలని పెట్టిన వెసులుబాటు అది. విల్సన్ దాన్ని ఒక సిట్‌కామ్‌కి వాడుకున్నాడు. లేకపోతే రెండు సెకన్లకొక పెద్ద బ్యాండ్ పాట వినిపించే సీరియల్ ఆ బడ్జెట్‌లో సాధ్యమయ్యేది కాదు. అయితే ఆ ఒప్పందాలన్నీ కొన్నేళ్ల గడువుతో రాసుకున్నవి. ఇంట్లో కూర్చుని డిస్కు వేసుకుని చూసే రోజు వస్తుందని, దానికీ హక్కు రాయించుకోవాలని 1978లో ఎవరూ అనుకోలేదు.

1982లో సీరియల్ ఆగిపోగానే స్థానిక టీవీ స్టేషన్లలో రీరన్లు (పునఃప్రసారాలు) మొదలయ్యాయి. అప్పటికి గడువు ఇంకా మిగిలే ఉంది కాబట్టి మొదట్లో పాటలు చాలావరకు అలాగే వినిపించాయి. లైసెన్సులు తీరిపోయాక మళ్లీ కొనాలి. కొనడానికి వెళ్తే అప్పటి ధర కాదు, ఇప్పటి ధర చెబుతారు. పైగా చాలా ఒప్పందాల్లో 'ఇంకెవరికైనా ఎక్కువ ఇస్తే నాకూ అంతే ఇవ్వాలి' అన్న షరతు ఉంటుంది. ఒక పెద్ద బ్యాండ్ గట్టిగా బేరమాడితే మిగతావాళ్ల రేటు కూడా దానితోపాటు పెరుగుతుంది. ఆ ఖర్చు పెట్టడం ఇష్టంలేక, 1990ల మొదటి ఏళ్ల నుంచి తిరిగిన ప్రింట్లలో అసలు పాటలు తీసేసి, గజాల లెక్కన దొరికే స్టాక్ మ్యూజిక్ (ముందే తయారుచేసి అమ్మే సంగీతం) నింపారు.

నష్టం అక్కడితో ఆగలేదు. మాటల వెనక పాట మోగుతున్న చోట సౌండ్ ట్రాకులో మాటనీ పాటనీ విడదీయలేకపోయారు. పాట తీయాలంటే మాట కూడా పోతుంది. అందుకని ఆ డైలాగులని అసలు నటుల గొంతుని పోలిన వేరే గొంతులతో మళ్లీ డబ్బింగ్ చెప్పించారు. డీజే జానీ ఫీవర్‌గా నటించిన హోవర్డ్ హెస్మన్ పెదవులు కదులుతుంటే వినబడేది హెస్మన్ గొంతు కాదు. నా దృష్టిలో పాట మార్చడం కంటే ఇది పెద్ద తప్పు. పాట పోతే నేపథ్యం పోతుంది, గొంతు పోతే నటనే పోతుంది.

ఏమేం పోయిందో దగ్గరగా

లెస్ నెస్‌మన్ స్టేషన్ వార్తలు చదివే బిడియస్తుడు. ఒక ఎపిసోడ్‌లో అతను స్టేషన్ రిసెప్షనిస్టు జెనిఫర్‌తో బయటికి వెళ్లడానికి తయారవుతాడు. అద్దం ముందు నిలబడి, బట్టతల మీద విగ్గు జాగ్రత్తగా సర్దుకుంటాడు. వెనక ఫారినర్ బ్యాండ్ 'హాట్ బ్లడెడ్' మోగుతుంటుంది. పిరికి మనిషి, అతని చుట్టూ ఉరకలెత్తే పాట. ఆ రెండింటి మధ్య ఉన్న దూరమే ఆ సన్నివేశంలోని నవ్వు, జాలి కూడా. పాట తీసి ఊరూపేరూ లేని గిటారు పెడితే, మిగిలేది ఒకాయన విగ్గు పెట్టుకోవడం.

థాంక్స్ గివింగ్ టర్కీ కోళ్ల ఎపిసోడ్ ఈ సీరియల్‌లో అందరికీ తెలిసినది. అందులో స్టేషన్ యజమానురాలి కొడుకు, మేనేజర్ కార్ల్‌సన్, డీజే గదిలోకి వచ్చి మోగుతున్న రికార్డు వింటాడు. పింక్ ఫ్లాయిడ్ 'డాగ్స్'. ఈ పాటలో కుక్కలు మొరుగుతున్నట్టు వినిపిస్తోందే అని అడుగుతాడు. కొత్త సంగీతం అర్థంకాని పెద్దాయన, అయినా అర్థం చేసుకోవాలని ప్రయత్నిస్తున్నవాడు. మొత్తం పాత్ర ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. పాట లేకపోతే ప్రశ్నకి అర్థం లేదు. అందుకే పాట పోయిన కాపీలో సన్నివేశం కూడా పోయింది.

చిన్నదే గానీ నాకు బాగా పట్టే ఇంకో ఉదాహరణ: జెనిఫర్ ఇంటి కాలింగ్ బెల్. నొక్కితే 'ఫ్లై మీ టు ద మూన్' బాణీ మోగుతుంది. ఖరీదైన ఫ్లాటులో ఉంటూ డబ్బున్న పెద్దమనుషులతో తిరిగే ఆవిడకి సరిగ్గా తగిన బెల్. తర్వాతి ప్రింట్లలో అదే బెల్ 'బ్యూటిఫుల్ డ్రీమర్' అంటుంది. అది 19వ శతాబ్దపు స్టీఫెన్ ఫాస్టర్ పాట, కాపీరైట్ గడువు ఎప్పుడో తీరిపోయింది, పైసా కట్టక్కర్లేదు. కాలింగ్ బెల్‌కి కూడా లైసెన్సు అడిగే పరిస్థితి ఇది. మీ దగ్గరున్న కాపీ ఏదో ఒక్క క్షణంలో పట్టుకోవడానికి ఈ బెల్ బాగా పనికొస్తుంది.

మీ ముందున్న దారులు

మొదటిది, 2007 ఏప్రిల్‌లో ఫాక్స్ విడుదల చేసిన సీజన్ 1 డీవీడీ. పాటలు ఎక్కువభాగం మార్చినవే. కొన్ని సన్నివేశాలు కుదించారు, కొన్ని పూర్తిగా ఎత్తేశారు. న్యాయంగా చెప్పాలంటే ఒక మంచి విషయం ఉంది. మొదటి ప్రసారంలో లేని కొన్ని సన్నివేశాలు అందులో కలిపారు. అంతే. మిగతా మూడు సీజన్లు ఆ వరసలో రాలేదు. పాత డీవీడీల దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికేది ఇదే. చవకని తీసుకోవద్దని నా సలహా. ముఖ్యంగా ఈ సీరియల్ మొదటిసారి చూసేవాళ్లు దీనితో మొదలుపెడితే, దీనికింత పేరెందుకు వచ్చిందో వాళ్లకి ఎప్పటికీ తెలియదు.

రెండోది, 2014 అక్టోబర్‌లో షౌట్ ఫ్యాక్టరీ తెచ్చిన మొత్తం సీరియల్ సెట్. నాలుగు సీజన్లూ ఉన్నాయి. పాటలు చాలావరకు తిరిగి తెచ్చారు. 'అన్నీ' అనలేం. కొన్నింటి హక్కులు ఎంత ప్రయత్నించినా దొరకలేదని విడుదలకి ముందే ఆ సంస్థ బహిరంగంగా చెప్పింది. ఈ నిజాయితీ నాకు నచ్చింది. కొనేవాడికి ఏం వస్తుందో, ఏం రాదో ముందే తెలిసింది. ఒక్కో పాటకీ హక్కుదారులని వెతికి, ఒక్కొక్కరితో మాట్లాడి, ఎక్కడికక్కడ డబ్బు కట్టి చేసిన పని ఇది. మీరు ఈ సీరియల్‌కి ఒక్కసారే డబ్బు పెట్టేటట్టయితే ఇదే కొనండి, రెండో ఆలోచన వద్దు. కొనేముందు బొమ్మ కాదు, అట్ట మీద సంస్థ పేరు చూడండి. నటుల ఫొటోలు ఏ సెట్ మీదైనా అవే ఉంటాయి, ఆన్‌లైన్‌లో ఒకదాని బొమ్మ పెట్టి ఇంకొకటి పంపేవాళ్లుంటారు.

మూడోది, టీవీలో వచ్చే రీరన్లు. వీటిలో రెండు తగ్గింపులు. ఒకటి పాటలది, అది చెప్పాను. రెండోది నిడివిది. 1970ల చివర్లో అరగంట సిట్‌కామ్ ఎపిసోడ్ దాదాపు 25 నిమిషాలుండేది, మిగతాది ప్రకటనలు. తర్వాత ప్రకటనల వేళ పెరిగింది, ఎపిసోడ్‌ని అక్కడక్కడా కత్తిరించి 22 నిమిషాల చుట్టుపక్కలకి తెచ్చారు. కత్తెరకి ముందుగా దొరికేది కథకి 'అవసరం లేని' సన్నివేశాలు, అంటే డీజే మైకు ముందు కూర్చుని రికార్డు గురించి కబుర్లు చెప్పేవి. డబ్ల్యూకేఆర్‌పీకి ప్రాణం అవే. భోజనం చేస్తూ ఓ కంట చూడ్డానికి రీరన్ ఫరవాలేదు. దాన్ని బట్టి సీరియల్ మీద అభిప్రాయం ఏర్పరచుకోవద్దు.

స్ట్రీమింగ్‌ని నేను వేరే దారిగా లెక్కపెట్టను. ఏ మూలప్రతి నుంచి తీసుకున్నారన్నదాన్ని బట్టి అది పాటలున్న కాపీయో, పాటలు మార్చిన కాపీయో అవుతుంది, ఏదో మీకు చెప్పరు. పైగా ఈ నెల ఉన్నది వచ్చే నెల ఉండాలని లేదు. కాలింగ్ బెల్ పరీక్ష చేసి చూడండి. 'బ్యూటిఫుల్ డ్రీమర్' మోగితే ఆపేయండి.

నాలుగోది, 1978-82లోనో, మొదటి రీరన్ల రోజుల్లోనో ఎవరో ఇంట్లో వీసీఆర్‌లో రికార్డు చేసుకున్న టేపులు. పాటలన్నీ, గొంతులన్నీ అసలువే ఉన్న రూపం ఇదొక్కటే. రంగులు చెదిరి, బొమ్మ గీతలు పడి, మధ్యలో ఆ ఊరి ప్రకటనలతో ఉంటాయి. వీటిని కాపీ తీసి అమ్మడం చట్టానికి విరుద్ధం, అలాంటి డిస్కులు కొనమని నేను చెప్పను. అయితే ఆ టేపులని దాచినవాళ్లు లేకపోతే, ఎక్కడ ఏ పాట ఉండేదో సరిచూసుకోవడానికే దారి ఉండేది కాదు. ఇలాంటి టేపు మీ ఇంట్లోనో, అమెరికాలో స్థిరపడ్డ మీ బంధువుల అటకమీదో ఉంటే పారేయకండి. అయస్కాంత టేపు ఏళ్లు గడిచేకొద్దీ పాడవుతుంది, ఇప్పుడే డిజిటల్‌లోకి మార్చి దాచుకోండి.

ఎవరికి ఏది

పాటల కోసం, ఆ కాలం రేడియో ఎలా ఉండేదో తెలుసుకోవడం కోసం చూసేవాళ్లకి 2014 సెట్ తప్ప దారి లేదు. నటుల హాస్యం కోసం మాత్రమే చూస్తానంటే కూడా అదే చెబుతాను, పైన చెప్పిన డబ్బింగ్ గొడవ వల్ల. అమెరికాలో ఉండే తెలుగువాళ్లు ముందు మీ పబ్లిక్ లైబ్రరీ కేటలాగ్ చూడండి. సొంత శాఖలో లేకపోతే ఇంటర్ లైబ్రరీ లోన్ అడగండి, డీవీడీ సెట్లు కూడా చాలాచోట్ల తెప్పించి ఇస్తారు. మొదటి సీజన్ చూసి నచ్చాక కొనొచ్చు.

ఒకటి రెండు ఎపిసోడ్లతో తేల్చుకోవాలనుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలన్నది అడుగుతారు. పైలట్, అంటే సీరియల్ మొదలయ్యే ఎపిసోడ్, చూడండి. జానీ ఫీవర్ మెత్తటి సంగీతం రికార్డు మీంచి ముల్లు లాగేసి రాక్ మొదలుపెట్టే క్షణం ఉంది. అక్కడ మోగాల్సింది టెడ్ న్యూజెంట్ పాట. అది మోగితే స్టేషన్ మారిందని మీ చెవికే తెలుస్తుంది, యాండీ చెప్పక్కర్లేదు. ఆ తర్వాత టర్కీ కోళ్లది. ఆ పైన 1980 ఫిబ్రవరిలో వచ్చిన 'ఇన్ కన్సర్ట్'. 1979 డిసెంబర్ 3న సిన్సినాటిలోని రివర్‌ఫ్రంట్ కొలీజియం దగ్గర ద హూ బ్యాండ్ కచేరీకి ముందు జరిగిన తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. ఆ ఊరి పేరు పెట్టుకున్న సిట్‌కామ్ దాని గురించి మాట్లాడకుండా ఉండలేకపోయింది. రాక్ సంగీతాన్ని ప్రేమించే సీరియల్ ఆ సంగీతం చుట్టూ జరిగిన చావులని ఎలా ఎదుర్కొందో చూడటానికైనా మొదటి రెండు సీజన్లూ పాటలతో ఉన్న కాపీలోనే చూడాలి.

ఇదే సమస్య ఉన్న మరికొన్ని

'ద వండర్ ఇయర్స్' (ఏబీసీ, 1988-1993) విషయంలో తేడా స్పష్టం. 2011లో స్ట్రీమింగ్‌కి వచ్చినప్పుడు టైటిల్స్‌లో జో కాకర్ పాడిన 'విత్ ఎ లిటిల్ హెల్ప్ ఫ్రమ్ మై ఫ్రెండ్స్' తీసేసి వేరే గొంతు పెట్టారు. ఆ పాటలోని బొంగురు అరుపు వినగానే సీరియల్ గుర్తొచ్చే వాళ్లకి అది మింగుడుపడలేదు. 2014లో టైమ్ లైఫ్ వాళ్ల స్టార్‌విస్టా తెచ్చిన పూర్తి సెట్‌లో కాకర్ గొంతు తిరిగి వచ్చింది, మిగతా పాటలు కూడా దాదాపు అన్నీ. ఖరీదెక్కువైనా కొనదగ్గది అదే. 1960ల చివరి పిల్లాడి జ్ఞాపకాలు ఇవి, జ్ఞాపకానికి ఆ కాలం పాట కావాలి.

'ఫ్రీక్స్ అండ్ గీక్స్' (ఎన్‌బీసీ, 1999-2000) అరగంట సిట్‌కామ్ కాదు, గంట నిడివిది. అయినా ఇక్కడ చెప్పక తప్పదు. 18 ఎపిసోడ్లే, కానీ ప్రతి దాంట్లో 1980 నాటి రాక్ పాటలు. హక్కులన్నీ కొని, ఒక్క పాటా మార్చకుండా 2004లో షౌట్ ఫ్యాక్టరీ డీవీడీ తెచ్చింది. ఆ సంస్థ పేరు చూసి నమ్మడానికి ఇది కూడా ఒక కారణం. దీన్ని ఏ రూపంలో కొన్నా దిగులు లేదు.

'హ్యాపీ డేస్'లో మొదటి సీజన్ డీవీడీ (2004) అసలు పాటలతో ఉంది, రెండో సీజన్ (2007)లో మార్చారు. మొదటిది కొనండి, రెండోది చూసి నిర్ణయించుకోండి. 'మ్యారీడ్ విత్ చిల్డ్రన్'లో సమస్య టైటిల్ పాటది. సోనీ డీవీడీల్లో మూడో సీజన్ నుంచి ఫ్రాంక్ సినాట్రా 'లవ్ అండ్ మ్యారేజ్' ఉండదు, దాన్ని పోలిన వాయిద్యం మోగుతుంది. కథ లోపల పాటల మీద ఆధారపడదు కాబట్టి ఇక్కడ నేను సర్దుకుపోతాను. 'మర్ఫీ బ్రౌన్' (సీబీఎస్, 1988-1998)కి ఎంచుకునే అవకాశమే లేదు. ఎపిసోడ్ మొదట్లో మోటౌన్ రికార్డు కంపెనీ పాటలు వేయడం దాని అలవాటు, డీవీడీగా 2005లో మొదటి సీజన్ మాత్రమే వచ్చింది.

కొనేముందు

ఇండియాలో ఉన్నవాళ్లకి ఒక హెచ్చరిక. డీవీడీలకి దేశాల వారీగా రీజియన్ కోడ్ ఉంటుంది; పైన చెప్పిన సెట్లు అమెరికా కోసం చేసినవి, రీజియన్ 1. ఇండియా రీజియన్ 5. మామూలు డీవీడీ ప్లేయర్ వీటిని తిప్పదు, రీజియన్ అడ్డు లేని ప్లేయర్ కావాలి. కంప్యూటర్ డ్రైవులో రీజియన్ మార్చుకోవచ్చు గానీ సాధారణంగా అయిదుసార్లు మాత్రమే, ఆ తర్వాత చివరిసారి పెట్టిన దాని దగ్గరే ఆగిపోతుంది. బంధువుల చేత తెప్పించుకునేటప్పుడు వాళ్లకి సీరియల్ పేరు చెప్పి ఊరుకోకండి. విడుదల చేసిన సంస్థ, సంవత్సరం రాసి పంపండి: డబ్ల్యూకేఆర్‌పీ అయితే షౌట్ ఫ్యాక్టరీ, 2014, వండర్ ఇయర్స్ అయితే టైమ్ లైఫ్ లేదా స్టార్‌విస్టా, 2014. సెట్ చేతికి రాగానే, వాపసు గడువు దాటకముందే, మొదటి సీజన్ డిస్కు వేసి జెనిఫర్ ఇంటి బెల్, లెస్ విగ్గు సన్నివేశం ఈ రెండూ విని చూసుకోండి. అట్ట వెనక చిన్న అక్షరాల్లో కొన్ని పాటలు మార్చామని ఉందేమో చదవండి. సాధారణంగా ఆ వాక్యం అన్నిటికంటే కింద ఉంటుంది.